శ్లేష్మము: దేహద్వారముల కావలి

విద్యార్థులారా! నిత్యము చూచుచుండియు, పేరెత్తుటకు మనము సంకోచించు పదార్థ మొకటి గలదు. అది ముక్కునుండి వచ్చినచో చీమిడి యందుము. ఛాతినుండి వచ్చినచో గళ్ల యనియు, తెమడ యనియు నందుము. కంటికొలకులలో గట్టిపడినచో పుసి యందుము. విరేచనములో కనబడినచో జిగట యందుము. పేర్లు వేఱైనను వీని యన్నిటియందును నున్న ముఖ్యవస్తు వొక్కటియే. శాస్త్రమునందు దానికి శ్లేష్మమని పేరు. పై పేర్లన్నియు నసహ్యముతో పలుకబడునవే. అయినను ఈ జిగురు లేనిచో మనుష్యుడు గాని, పశువు గాని, చెఱువులోని చేప గాని జీవింపజాలదు. గండికోటకు పెన్నానది లోయ యెట్టి రక్షణమో, దేహమునకు శ్లేష్మ మట్టి రక్షణము.

అయితే ఎంతటి కోటకైనను, కావలివా రాపగల శత్రువులును, ఆపజాలని శత్రువులును ఉందురు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతములలో జనులు పొట్టకొఱకు చేయు కొన్ని పనులయందు ఈ రెండవజాతి శత్రువు పొంచియున్నాడు. కావున శ్లేష్మము చేయు పనిని, దాని బలమునకు గల మేరను తెలిసికొనుట మనకు పరీక్షకొఱకు మాత్రమే చదువదగిన పాఠము కాదు.

శ్లేష్మ మనగా నేమి?

‘శ్లిష్’ అను సంస్కృతధాతువునకు అంటుకొనుట, కౌగిలించుకొనుట అని యర్థము. శ్లేష్మశబ్ద మా ధాతువునుండి పుట్టినదే. మన పూర్వవైద్యులు వాత పిత్త శ్లేష్మములను మూడింటిని దేహమునకు మూలములుగా నెంచిరి. ప్రాచీన గ్రీకువైద్యులును కఫమును దేహమందలి నాలుగు రసములలో నొకటిగా లెక్కించిరి. వారు చెప్పిన శ్లేష్మము దేహమంతటను వ్యాపించిన యొక గుణము. మన మీ వ్యాసమున చెప్పుకొనునది కంటికి కనబడు జిగురు మాత్రమే.

మన శరీరమునకు రెండువిధములైన పైపొరలు గలవు. వెలుపలి చర్మముయొక్క పైభాగము మృతకణములతో ఎండి గట్టిపడి కవచమువలె నుండును. కాని ముక్కు, శ్వాసనాళములు, అన్నకోశము, ప్రేవులు మొదలగువాని లోపలిపొర అట్లుండరాదు. గాలియు, నీరును, ఆహారసారమును ఇట్టి పొరలగుండనే లోనికి పోవలసియున్నది గదా! పలుచగాను, తడిగాను, సజీవముగాను ఉండవలసిన ఈ పొరను కాపాడుటకే శ్లేష్మ మేర్పడినది. ఆ పొరలో చిన్న చెంబువంటి ఆకారముగల కణములును, సూక్ష్మమైన గ్రంథులును ఉండి దీనిని రేయింబవళ్లు స్రవింపజేయుచుండును.

శ్లేష్మమున నూటికి సుమారు 95 పాళ్లు నీరే. మిగిలిన కొలదిభాగమున లవణములును, మ్యూసిన్ అను పదార్థమును, మఱికొన్ని మాంసకృత్తులును ఉండును. జిగటకు కారణము మ్యూసిన్. దాని యణువు పొడవైన దారమువంటిది. సీసాలు కడుగు కుంచెకు వెండ్రుకలవలె ఆ దారముచుట్టును చక్కెరజాతి అణువులు నిలిచియుండి నీటిని పట్టియుంచును. దారము లొకదానితో నొకటి పెనవేసికొని వలగా నేర్పడును. ఇంత కొంచెము పదార్థము అంత నీటిని జిగురుగా మార్చుటకు హేతు విదియే.

ఈ వలలో ఆయుధములును గలవు. 1921లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ అను శాస్త్రజ్ఞుడు, తనకు జలుబు చేసియున్న దినములలో, తన ముక్కునందలి శ్లేష్మమును సూక్ష్మజీవులతో పరీక్షించి చూచెను. అది సోకినచోట ఒకజాతి సూక్ష్మజీవులు కరగిపోయెను. అట్లు కరగించు పదార్థమునకు లైసోజైమ్ అను పేరుపెట్టి, 1922లో దానిని లోకమునకు ప్రకటించెను. 1928లో పెన్సిలినును కనుగొని ప్రఖ్యాతి గాంచినవా డీతడే. ఎల్లరును చీదివేయు వస్తువునందు ఔషధగుణము వెదకిన యాతని దృష్టి మన విద్యార్థుల కాదర్శము.

శ్వాసమార్గమున శ్లేష్మము

మనము దినమునకు సుమారు పదివేల లీటర్ల గాలి పీల్చుచున్నాము. ఏప్రిలు, మే నెలలలో మన కడపమండలపు గాలి 40 డిగ్రీలకు మించిన వేడితో, తడిలేక, ధూళితో నిండియుండును. ఊపిరితిత్తులలోని కోమలమైన గదులకు అట్టిగాలి తగదు. ముక్కులోని వంకరదారులలో పోవునప్పు డది తడిని గ్రహించి, దేహమునకు సరిపడు వేడిమిని పొందును. పెద్ద ధూళికణములు ముక్కుగోడల జిగురున చిక్కుకొనును. దానిని తప్పించుకొనినవి శ్వాసనాళములలోని జిగురున చిక్కుకొనును.

చిక్కిన ధూళి అచటనే పేరుకొనినచో నాళములు పూడిపోవలయును. అట్లు పూడకుండుటకు చక్కని యేర్పాటు గలదు. శ్వాసనాళపు పొరలోని కణములలో పెక్కింటికి, ఒక్కొక్కదానికి సుమారు రెండువందల చొప్పున, సూక్ష్మదర్శినికి మాత్రమే కనబడు రోమములుండును. అవి సెకండునకు పది మొదలు ఇరువదిసార్లు కొట్టుకొనును. గాలికి జొన్నచేనిపై అలలు సాగునట్లు, ఈ రోమముల కదలిక వరుసగా సాగిపోవును. ముందునకు కొట్టునప్పుడు రోమము నిటారుగా నిలుచును. వెనుకకు మరలునప్పుడు వంగిపోవును. అందుచేత పైనున్న శ్లేష్మము ఒకేదిక్కునకు, నిమిషమునకు కొన్ని మిల్లీమీటర్ల చొప్పున జరుగుచుండును. ఊపిరితిత్తులనుండి పైకిని, ముక్కునుండి వెనుకకును జరుగు శ్లేష్మము గొంతుకడ కలిసికొనును. దానిని మన మెఱుగకయే మ్రింగుచుందుము. కడుపులోని ఆమ్లమున, దానిలోని సూక్ష్మజీవులు పెక్కు నశించును. తుమ్మును, దగ్గును ఈ పనికి తోడ్పడు సేవకులు.

జలుబు ముదిరినప్పుడు చీమిడి పసుపుపచ్చగానో ఆకుపచ్చగానో మాఱుట మీరు చూచియుందురు. అది విషము కాదు. రోగక్రిములతో పోరాడుటకై వచ్చి మరణించిన తెల్లరక్తకణముల వర్ణమే అది.

శ్లేష్మము ధూళిని పట్టు విధమును ఇంటివద్దనే పరీక్షింపవచ్చును. రెండు గాజుపలకలను శుభ్రముగా కడిగి ఆరబెట్టుడు. ఒకదానిపై బెండకాయ జిగురునుగాని, ఆముదమునుగాని పలుచగా పూయుడు. రెండవదానిని పొడిగా నుంచుడు. రెండింటిని బాటవైపు కిటికీలో ఒక పగలంతయు నిలువబెట్టి, సాయంకాలమున తెల్లకాగితముపై నుంచి పోల్చి చూడుడు. పొడిపలక నూదినచో ధూళి లేచిపోవును. జిగురుపలకపైని ధూళి కదలదు. ప్రొద్దుటూరున ప్రత్తి యాడు మిల్లుల దాపున నున్నవారు పలకపై సన్నని నూగును కూడ చూడగలరు. ఆ పగటివేళ మీ ముక్కు చేసిన పని యెట్టిదో ఆ పలకయే చెప్పును.

కడుపులో శ్లేష్మము

మన పాఠశాల ప్రయోగశాలలో హైడ్రోక్లోరికామ్లమును ఎఱ్ఱగుంట్ల సున్నపురాతిపై నొకచుక్క వేసినచో, బుసబుస పొంగి రాయి కరగుట కనబడును. ఆ యామ్లమే మన అన్నకోశమున ఊరుచున్నది. మాంసమును జీర్ణముచేయు రసము మాంసమయమైన అన్నకోశమునే ఎందుకు జీర్ణము చేయదు? దాని లోపలిగోడకు దట్టముగా పూసినట్లున్న శ్లేష్మమే దీనికి ముఖ్యకారణము. ఆ గోడ, ఆమ్లమును విఱుచు క్షారమును శ్లేష్మపుపొర లోనికి స్రవింపజేయును. కావున పొరకు వెలుపల ఘోరమైన ఆమ్లమున్నను, పొరక్రింద గోడనంటి యున్నచోట పులుపు మిక్కిలి తక్కువ.

ఈ పొరలోనే కాపురముండు గడుసు సూక్ష్మజీవి యొకటి గలదు. దాని పేరు హెలికోబాక్టర్ పైలోరి. మరచుట్టువలె మెలితిరిగిన యాకారముతో శ్లేష్మమును తొలుచుకొనిపోయి, తనచుట్టును అమ్మోనియాను పుట్టించి ఆమ్లమును విఱిచికొని బ్రతుకును. కడుపులోని పుండ్లకు పెక్కింటికి ఇదియే మూలమని ఆస్ట్రేలియాదేశపు వైద్యులు బారీ మార్షల్, రాబిన్ వారెన్ అనువారు నిరూపించి 2005లో నోబెల్ బహుమానమును పొందిరి. అంతకుముందు లోకము ఆ పుండ్లకు కారమును, దిగులును మాత్రమే నిందించుచుండెను.

పెద్దప్రేవులో కోట్లకొలది సూక్ష్మజీవులుండును. అవి ప్రేవుగోడకు సోకకుండ నాపునదియు శ్లేష్మమే. ఆ గోడకు జబ్బు తగిలినప్పుడు జిగురు మిక్కుటముగా స్రవించి మలముతో వెలువడును. మనవారు దానిని జిగట విరేచనములందురు. జిగురుతో నెత్తురు కూడ కనబడినచో ఆలస్యము చేయక వైద్యునికడకు పోవలెను.

ఇతర జీవులయందు

చేపను పట్టినవాని చేయి జాఱుట శ్లేష్మమువలననే. పొలుసులు లేని వాలుగవంటి చేపకు ఆ జిగురే మేనికప్పు. అది పరాన్నజీవులను దూరముచేసి, నీటిలో ఒరపిడిని తగ్గించి, చేప సులువుగా నీదుటకు తోడ్పడును. చేపను తిరిగి నీటిలో విడువదలచినవాడు దానిని తడిచేతితోనే పట్టవలెను. పొడిచేయి ఆ కప్పును ఊడదీయును.

కప్ప ఊపిరితిత్తులతోనే కాక చర్మముతోను శ్వాసించును. చర్మము తడిగా నున్నంతకాలమే గాలి లోనికి పోగలదు. ఆ తడిని నిలుపునది శ్లేష్మము. వానపాము సయిత మిట్లే చర్మముతో శ్వాసించుచు, తన జిగురుతోనే బొరియగోడలను మెత్తి నిలుపుకొనును. నత్త తన దారిని తానే పఱచుకొనుచు నడచును. జిగురుపై సాగుటచేత కఱకునేలయు దాని మెత్తని పాదమును గాయపఱుపదు. వేసవిలో పెక్కు నేలనత్తలు చిప్పలోనికి ముడుచుకొని, ద్వారమునకు ఎండిన శ్లేష్మముతో మూతవేసికొని, తొలకరివఱకు నిద్రించును. వానకఱవు తఱచైన మనసీమలో బ్రతుకు నేర్పు ఇంతకంటె నేమి కావలెను?

ఆవు, ఎద్దు ఎండిన జొన్నచొప్పను నమలి మ్రింగుటకు లాలాజలమే యాధారము. మ్యూసిన్ కలిసిన ఆ రసము పెద్దపశువునకు దినమున నూఱులీటర్లకు మించియు ఊరును. తౌడు, చొప్ప పెట్టి నీళ్లు పెట్టని యజమానుడు పశువునకు సగము మేతయే పెట్టినవాడగును.

శ్లేష్మము రోగమును వెలుపలికి కొనిపోవునపుడు ఆ రోగము ఇతరులకు సోకుటకును దారియగును. పూర్వము మన పశువులను మందలుమందలుగా బలిగొనిన ముసరవ్యాధి నోటిలోను ప్రేవులలోను ఉన్న శ్లేష్మపుపొరలను పుండ్లుచేయుచుండెను. రోగముతోనున్న పశువు ముక్కు, కన్ను, నోరు కార్చు ద్రవములద్వారా అది మందలో వ్యాపించెడిది. టీకాలవలనను, రోగముగల పశువులను వేఱుగా నుంచుటవలనను ఆ వ్యాధి నశించినది. అది భూలోకమున లేకుండ పోయినదని 2011లో ప్రకటింపబడెను. మనుష్యుల మశూచి తరువాత సమూలముగా నిర్మూలింపబడిన వ్యాధి యిదియొక్కటియే.

కావలికి మించిన శత్రువు

ఇక మొదట చెప్పిన రెండవజాతి శత్రువును గూర్చి విచారింతము. మిల్లీమీటరులో వేయవవంతునకు మైక్రానని పేరు. తలవెండ్రుక మందము సుమారు డెబ్బది మైక్రానులుండవచ్చును. పది మైక్రానులకు మించిన ధూళికణములు చాలవఱకు ముక్కులోను గొంతులోను ఆగిపోవును. అంతకు చిన్నవి పెక్కు శ్వాసనాళములలో చిక్కును. కాని రెండు మూడు మైక్రానులే యున్నవి గాలితోబాటు తుదిగదులవఱకు పోగలవు. ఆ గదులలో శ్లేష్మము లేదు, రోమములును లేవు. ఉండుటకు వీలులేదు. ప్రాణవాయువు రక్తమున కలియవలసిన ఆ సన్ననిగోడకు జిగురు పూసినచో శ్వాసమే యాగిపోవును.

అక్కడ కావలిగా నున్నవి ధూళిని మ్రింగు కణములు. మామూలు దుమ్మును అవి మ్రింగి తొలగించును. కాని సిలికా, అనగా తెల్లరాతియందును ఇసుకయందును నుండు పదార్థము, తన్ను మ్రింగిన కణమునే చంపును. చచ్చిన కణమునుండి వెలువడిన సిలికాను మఱియొక కణము మ్రింగి తానును చచ్చును. ఇట్లు సంవత్సరములు గడువగా ఊపిరితిత్తులలో గట్టి మచ్చలేర్పడి శ్వాస కుఱుచనగును. దీనికి సిలికోసిస్ అని పేరు. ఒకసారి యేర్పడిన మచ్చలను పోగొట్టు మందు లేదు. పైగా ఇట్టివారికి క్షయరోగము తగులుట యితరులకంటె సులభము.

జమ్మలమడుగు ప్రాంతము బండలకు పేరుపొందినది. కడపబండ యనునది దేశమంతట ఇండ్లలో నేలకు పఱుపబడుచున్నది. ఆ బండ సున్నపురాతిజాతిది. అయినను దానిలో కొంత సిలికా కలిసియుండును. గండికోట కొండలలోని గట్టిరాతియందు సిలికాయే ప్రధానము. రాతిని యంత్రపుఱంపముతో కోసి, ఒరపిడిచేసి మెఱుగుపెట్టునప్పుడు లేచు ధూళిలో కంటికి కనబడునది తక్కువ హానికరము. కంటికి కనబడనిదే ఊపిరితిత్తుల తుదకు చేరును.

పులివెందుల తాలూకా బ్రాహ్మణపల్లె దాపున ఇరువదవ శతాబ్దమున రాతినారను, అనగా ఆస్‌బెస్టాసును త్రవ్విరి. దాని పోగులు పొడవుగా నున్నను మిక్కిలి సన్ననివి. సూదివలె గాలివాలునకు తిరిగి, శ్లేష్మమును తప్పించుకొని లోనికి పోవును. కరగవు, కుళ్లవు. పీల్చిన ఇరువది, ముప్పది యేండ్లకు గాని వ్యాధి బయలుపడదు. అందుచేతనే పనిచేయునాటి యౌవనబలమునుజూచి మోసపోరాదు.

ప్రొద్దుటూరు ప్రత్తివ్యాపారమునకు ప్రసిద్ధము. ప్రత్తినూగు పెద్దదిగనుక ముక్కున నాగును. దానితో కలిసిన ఆకుపొడియు, సూక్ష్మజీవుల విషమును లోపలి నాళములను బిగించును. సెలవు గడచి పనిలో ప్రవేశించిన మొదటిదినమున ఛాతి పట్టివేసినట్లుండుట ఈ వ్యాధియొక్క మొదటి గుర్తు. దీనికి బిస్సినోసిస్ అని పేరు. పైమూడు వ్యాధులను మన దేశపు కార్మికశాసనములు ప్రభుత్వమునకు తెలియజేయవలసిన వృత్తివ్యాధులలో చేర్చినవి.

ఇచట నొకమాట జ్ఞాపకముంచుకొనుడు. రాతిపనివారు ముక్కునకు తువాలు చుట్టుకొని రక్షణ దొరకినదని తలంతురు. తువాలు ఆపునది పెద్దధూళిని. పెద్దధూళిని మన శ్లేష్మము మునుపే ఆపుచున్నది. శ్లేష్మము ఆపలేని సన్ననిధూళిని తువాలును ఆపలేదు. కావున ధూళి లేచిన తరువాత ముక్కు మూసికొనుటకంటె, ధూళి లేవకుండ చేయుట ముఖ్యము. కోయుచోట రాతిపై ఎడతెగక నీరు పాఱవలెను. ధూళిని లాగివేయు గొట్టములును, సన్ననిధూళి నాపుటకై ప్రత్యేకముగా చేసిన ముసుగులును యజమానులు సమకూర్పవలెను. పనిబట్టలను దులుపక, తడిపి, వేఱుగా నుతుకవలెను. తండ్రి బట్టలను వాకిట దులిపిన బిడ్డకును ఆ ధూళియే సోకును.

మనము చేయదగిన పనులు

కావలివానికి తిండిపెట్టి, ఆయుధమిచ్చి, నిద్రమందు పెట్టకుండుట కోటలోనివారి ధర్మము. శ్లేష్మమునకు తిండి నీరు. వేసవిలో చాలినంత నీరు త్రాగనివాని శ్లేష్మము చిక్కబడి, రోమములకు కదలని బరువగును. రెండవది ఆహారము. విటమిన్ ఏ కొఱతపడినచో శ్లేష్మమును స్రవింపజేయు కణములు నశించి, కన్ను పొడియారి, రేచీకటి మొదలుకొని అంధత్వమువఱకు రావచ్చును. మునగాకు, తోటకూర, బొప్పాయి మన పెరళ్లలోనే పండును. వానిని పిల్లలకు కొనిపెట్టుటకు ధనవంతులు కానక్కఱలేదు.

మూడవది పొగ. బీడీపొగ శ్వాసనాళపు రోమములను మొద్దుబాఱజేసి, తుదకు నశింపజేయును. ఊడ్చు చీపురు పోగా చెత్త మిగిలినట్లు శ్లేష్మ మచటనే నిలిచిపోవును. పొగత్రాగువాడు తెల్లవాఱుజామున దగ్గి దగ్గి తెమడ తీయుట ఇందుచేతనే. రాతిపనియు బీడీయు కూడినచో హాని మఱింత హెచ్చు. ప్రత్తికట్టెలతో వంటచేయు ఇండ్లలో పొగ పోవుటకు దారి యుండవలెను. లేనిచో బీడీముట్టని తల్లులకును ఈ హాని తప్పదు.

నాలుగవది శుచి. దగ్గునప్పుడు, తుమ్మునప్పుడు గుడ్డను గాని, మోచేతిమడతను గాని అడ్డము పెట్టుకొనవలెను. బాటలో గళ్ల యుమియరాదు. క్షయరోగక్రిమిని రాబర్ట్ కాఖ్ 1882లో కనుగొన్ననాటినుండి, తెమడ యసహ్యవస్తువు మాత్రమే కాక రోగమును పట్టియిచ్చు సాక్షియు నైనది. జమ్మలమడుగున లండను మిషనువారు నెలకొల్పిన కాంబెల్ ఆసుపత్రియు, మదనపల్లెకడ ఆరోగ్యవరమున 1915లో వెలసిన క్షయవైద్యాలయమును ఈ సీమవారికి పాశ్చాత్యవైద్యమును దాపునకు తెచ్చినవి. ఇప్పుడు ప్రభుత్వాసుపత్రులలో గళ్లపరీక్షయు, క్షయకు మందులును ఉచితముగా లభించుచున్నవి. రెండువారములు దాటిన దగ్గును ఎవరును దాచుకొనరాదు. రాతిపని, గనిపని, మిల్లుపని చేసినవారు తాము చేసినపని యేదో, ఎన్నియేండ్లు చేసిరో వైద్యునికి తప్పక చెప్పవలెను. చెప్పనిచో సిలికోసిస్‌ను క్షయయని పొరబడుటకు అవకాశము గలదు.

విద్యార్థులారా! మీలో ననేకుల తల్లిదండ్రులు బండలపనియందును, ప్రత్తిమిల్లులయందును కష్టపడి మిమ్ము చదివించుచున్నారు. వారు చదువని పాఠము మీరు చదివితిరి. మీ తండ్రి కోయురాతిపై నీరు పాఱుచున్నదా యని నేటి సాయంకాలమే యడిగి తెలిసికొనుడు. పాఱనిచో ఎందుకు పాఱవలెనో మీకు తెలిసిన మాటలలో చెప్పుడు.